కీర్తికి పెట్టుబడి ఏది?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ - హైదరాబాదు నగరంలో ఈ మూడు పేటలూ ఒకదాని నొకటి ఆనుకొని ఉన్నవి. మన యువతీయువకులు పైకి రావడానికి ఏర్పడిన మార్గాలన్నీ ఈ కొద్దిపాటి స్థలంలోనే కానవస్తవి. నారాయణగూడ విద్యాలయాలకు పేరు పొందినది. తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పడమే సాహసంగా ఉన్న నిజాం పాలనాకాలంలో, 1928లో మాడపాటి హనుమంతరావుగారు నెలకొల్పిన బాలికల పాఠశాల ఆ పేటకు గర్వకారణం. చిక్కడపల్లిలో 1966లో స్థాపితమైన శ్రీ త్యాగరాయ గానసభ ఉన్నది. సంగీతానికీ, నృత్యానికీ, నాటకానికీ, సాహిత్య సభలకూ అది ఆటపట్టు. దానికి నడిచి పోగల దూరంలో ఆర్.టి.సి. చౌరస్తా సినిమా శాలలు ఉన్నవి. ఇక అశోక్‌నగర్ సరిహద్దున నగర కేంద్ర గ్రంథాలయమూ, దాని చుట్టూ పోటీ పరీక్షల శిక్షణాలయాలూ, వాటిని నమ్ముకొని జిల్లాలనుంచి వచ్చిన వేలాది విద్యార్థుల ఇరుకు గదులూ ఉన్నవి.

చదువు, కళ, కొలువు - ఈ మూడు మార్గాలకూ ఒక సామాన్య లక్షణం ఉన్నది. మూడింటికీ ద్వారాలున్నవి, ద్వారపాలకులున్నారు. పరీక్ష రాయనిదే పట్టా లేదు. గురువు తల ఊపనిదే రంగస్థలం లేదు. ప్రభుత్వం ప్రకటన వేయనిదే ఉద్యోగం లేదు. ఇప్పుడు ద్వారం లేని నాలుగవ మార్గం ఒకటి వచ్చినది. అది చేతిలోని ఫోను. గ్రంథాలయం మెట్లమీద అన్నం పొట్లం విప్పుకొనే విద్యార్థి చేతిలోనూ అది ఉన్నది. గానసభ వెనుక వరుసలో కూర్చున్న బాలిక చేతిలోనూ అది ఉన్నది. తమ వయసువారే కొందరు, తమ ఊళ్ళవంటి ఊళ్ళవారే కొందరు, ఆ ఫోనులో కనబడి, పిమ్మట దూరదర్శన ప్రసారాలలోకి, సినిమాలలోకి ప్రవేశించడం వారు చూస్తున్నారు. మనమెందుకు కాకూడదు అన్న ఆలోచన పుట్టడం సహజం.

ఈ ఆలోచనను ఎగతాళి చేసే పెద్దలు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రాలు బయటికి పొక్కిన కారణంగా మరుసటి ఏడు మార్చిలో రద్దయినది. 2023 జూన్‌లో మళ్ళీ జరిగిన పరీక్షను హైకోర్టు రద్దు చేసినది. 2024లో కొత్త ప్రకటన వచ్చినది. ఆ ఏడు అక్టోబరులో ప్రధాన పరీక్షల ముందు అభ్యర్థులు అశోక్‌నగర్ వీధులలో ఆందోళనకు దిగినారు. ఒకే పరీక్షకు మూడు పర్యాయాలు సిద్ధపడిన యువకునికి, హాల్‌టికెట్టు అడగని మార్గం కనబడితే మనసు అటు లాగదా? తప్పు యువకునిది అనడం తేలిక. ఆ మార్గంలో ఏమున్నదో విడమరచి చెప్పడం కష్టం. బడిపంతుళ్ళు చేయవలసినది ఆ కష్టమైన పనియే.

ఆ మార్గాన నడిచినవారిలో మనకందరికీ తెలిసిన ఒక పేరు తీసుకొందాం. ఆమె యువతి కాదు. ఆమెకు పట్టా లేదు. ఆమె హైదరాబాదు వాసి కాదు. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి అనే చిన్న ఊరు ఆమెది. పేరు మిల్కూరి గంగవ్వ. బాల్యంలోనే పెళ్ళి, పొలాలలో కూలి, బీడీలు చుట్టే పని, చేయూతనివ్వని కాపురం, బిడ్డలను పెంచే భారమంతా తన రెక్కలమీదనే. తెలంగాణ పల్లెలలో ఇట్టి జీవితాలు లక్షలున్నవి. వార్తాపత్రికలు వాటిని ఎన్నడూ పలకరించలేదు.

ఆ ప్రాంతపు యువకుడు శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' అనే యూట్యూబ్ ఛానెల్ ప్రారంభించినాడు. పల్లెలోని పండుగలు, పెళ్ళిళ్ళు, పంచాయితీలు, వానలు, పేకాటలు, పొలం గట్ల తగాదాలు, వీటిని చిన్న చిన్న హాస్య రూపకాలుగా తీసి లోకానికి చూపడం అతడూ, అతని మిత్రులూ చేపట్టిన పని. కొన్నేళ్ళకు గంగవ్వ ఆ రూపకాలలో కనబడసాగినది. 2016లో చౌకధర ఇంటర్నెట్ దేశమంతటా వ్యాపించడంతో పల్లెను విడిచి పట్టణాలకూ, గల్ఫు దేశాలకూ, అమెరికాకూ పోయిన తెలుగువారు తమ ఇంటి ముసలమ్మను ఆమెలో చూసుకొన్నారు. 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' చిత్రాలలో ఆమె కనబడినది. 2021లో 'లవ్ స్టోరీ' వచ్చినది. కూలికి పోయిన చేతులు సినిమా తారల చేతులు కలిపినవి.

దీనిని అదృష్టమని సరిపెట్టుకొంటే మన విద్యార్థులకు నేర్చుకొనదగినది ఏమీ మిగలదు. అదృష్టం ఆమెను లోకానికి చూపించి ఉండవచ్చు. నిలిపినది మాత్రం వేరు. ఆమె బడి చదువుకు నోచుకొనలేదు. రాసి ఇచ్చిన సంభాషణను చదివి బట్టీ పట్టే వీలు ఆమెకు లేదు. సందర్భం చెబితే, ఆ సందర్భంలో తాను ఏమనునో అదే అనును. ఆ మాటలో సామెత ఉన్నది, తిట్టు ఉన్నది, తిట్టులోనే ప్రేమ ఉన్నది. ఎదుటివాడు మాట ముగించకముందే జవాబు సిద్ధంగా ఉండే చమత్కారం ఉన్నది. నాట్ల వేళ, కోతల వేళ, బీడీలు చుట్టే అరుగులమీద, నలుగురు ఆడవారు కూర్చొని పని బరువును మాటలతో తేలిక చేసుకొనే చోట ఆమె ఆ విద్య నేర్చినది. అర్ధ శతాబ్దపు అభ్యాసం అది. దానిని మనం అభ్యాసమని గుర్తించకపోవడానికి కారణం, ఆ పాఠశాలకు పేరు లేకపోవడమే.

ఆమె చుట్టూ ఉన్నవారి శ్రమ కూడా లెక్కలోనిదే. కథ అల్లినవాడున్నాడు, ఛాయాగ్రాహకుడున్నాడు, పనికిరాని దృశ్యాలను కత్తిరించి అతికినవాడున్నాడు. పేరు రానప్పుడు కూడా ఏళ్ళ తరబడి వారు పని మానలేదు. చూసేవారికి ఐదు నిమిషాల నవ్వు. వెనుక ఎండలో రోజుల తరబడి నిలబడిన పని. ఈ రెండవ భాగం ఫోనులో కనబడదు. కనబడనిదానిని చూపడమే విద్య.

భాష విషయం కూడా చెప్పవలసి ఉన్నది. మన సినిమాలలో చాలా ఏళ్ళు తెలంగాణ మాట ప్రతినాయకునికో, నౌకరుకో, నవ్వులాటకో మాత్రమే ఉపయోగపడినది. కాళోజీ నారాయణరావుగారు జీవితాంతం ప్రజల పలుకుబడి కొరకు వాదించినారు. వారి పుట్టినరోజు సెప్టెంబరు 9ని నేడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. సభలలో ఆ మాటకు గౌరవం కావాలని తీర్మానాలు చేసినాం. కాని జగిత్యాల ప్రాంతపు పలుకును, దిద్దకుండా, నాగరికం చేయకుండా, లక్షల ఇండ్లలో వినిపించిన వారిలో ఈ నిరక్షరాస్యురాలు ఒకతె. నవ్వు ఆమె భాషమీద పుట్టలేదు. ఆమె భాషలో పుట్టినది. ఈ భేదం తెలుగు పండితులు గమనించదగినది.

ఇక ఆమె జీవితంలోని రెండవ ఘట్టం. 2020 సెప్టెంబరు 6న 'బిగ్‌బాస్' నాలుగవ పర్యాయం ప్రారంభమైనప్పుడు గంగవ్వ అందులో ప్రవేశించినది. ఆ కార్యక్రమ స్వరూపం పాఠకులకు తెలియనిది కాదు. కొందరిని ఒక ఇంట్లో ఉంచుతారు. బయటి లోకంతో సంబంధం ఉండదు. గోడ గోడకూ కెమెరాలు. తినడం, ఏడవడం, అలగడం, నిద్రించడం అన్నీ ప్రదర్శనే. వినోదమంటే ఇంతకాలం ఒక మనిషి చేసిన పని. ఇక్కడ వినోదం ఆ మనిషియే. ఆమె అందులోనికి పోవడానికి చెప్పుకొన్న కారణం చాల సాదాది: ఊరిలో తనకొక మంచి ఇల్లు కట్టుకోవాలి.

ప్రేక్షకులు ఆమెను ఆదరించినారు. కాని చల్లని గదులు ఆమె దేహానికి సరిపడలేదు. ఊరిమీద బెంగ పట్టుకొన్నది. అక్టోబరులో, ఆట సగం కాకముందే, పంపివేయుమని కోరి బయటికి వచ్చివేసినది. ఇల్లు కట్టించడానికి సాయపడతానని వ్యాఖ్యాత నాగార్జున మాట ఇచ్చినారు. 2021లో లంబాడిపల్లిలో ఇల్లు లేచినది. 2024లో ఆమె మరొకసారి ఆ కార్యక్రమానికి వెళ్ళి, అనారోగ్యం కారణంగానే మరల మధ్యలో తిరిగివచ్చినది. ఆమెను ఋషిని చేయవలసిన పని లేదు. డబ్బు అవసరం, పేరుమీద ముచ్చట ఆమెకూ ఉన్నవి. అయినా ఒక సంగతి మనం గమనించాలి. ఇక నావల్ల కాదని చెప్పి లేచి రావడం ఆమెకు తెలిసినది. వచ్చి నిలవడానికి ఆమెకొక ఊరున్నది. ఆ ఊరిలో ఆమె ఎవరో చెప్పడానికి కెమెరా అవసరం లేదు.

ఇంతకూ మా ప్రశ్న ఇది: ఈ నూతన కీర్తికి పెట్టుబడి ఏది?

పెట్టుబడి రెండు విధాలు. ఒకటి, మనిషి కూడబెట్టుకొన్న విద్య: మాట నేర్పు, పాట, నటన, వంట, వ్యవసాయం, లెక్క, బొమ్మ, ఏదైనా సరే. ఇది వాడినకొద్దీ పెరుగుతుంది. రెండవది, తన సొంత సంసారం. దంపతుల తగవు, గర్భవార్త, పసిబిడ్డ ఏడుపు, తండ్రి మరణం, తల్లి కన్నీరు - వీటిని ఒక్కొక్కటిగా జనం ముందు పెట్టడం. ఇది వాడినకొద్దీ తరుగుతుంది. నిన్నటి తగవుకంటె నేటి తగవు పెద్దది కాకపోతే చూసేవాడు పక్కకు జరుగుతాడు. కనుక లేని తగవు తెచ్చుకోవాలి. ఉన్న తగవు తీరకుండా చూసుకోవాలి. చివరకు ప్రదర్శన కొరకు సంసారమే తప్ప, సంసారానికి వేరే అర్థం మిగలదు.

గంగవ్వ రూపకాలలో కూడా ఆమె జీవితం ఉన్నది కదా అని అడుగవచ్చు. ఉన్నది, కాని అది పాలలో వెన్నవలె ఉన్నది. ఆమె పడిన కష్టం ఆమె మాటలో పదునుగా మారినది. ఆ కష్టమే దుకాణంలో సరకుగా మారలేదు. బిగ్‌బాస్ ఇంట్లో ఆమె గతాన్ని అడిగి చెప్పించుకొని మనం కన్నీరు కార్చినాం. ఆ కన్నీటిలో జాలి ఎంత, కుతూహలం ఎంత అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఆమె చెప్పదలచినది చెప్పినది. మిగిలినది ఆమె సొత్తు. ఈ వ్యాసంలో కూడా అంతకుమించి మేము రాయలేదు.

ఈ వృత్తి ఆర్థిక స్వరూపాన్ని కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే ఛానెల్‌కు 1000 మంది చందాదారులు ఉండాలి. దానితోపాటు 12 నెలలలో 4000 గంటల వీక్షణమో, 90 రోజులలో పొట్టి దృశ్యాలకు కోటి వీక్షణలో రావాలి. ఇది గడప మాత్రమే. గడప దాటినంతనే అన్నం దొరకదు. పైగా అంగడి మనది కాదు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించినది. నిషేధపు మంచిచెడ్డలు వేరే చర్చ. కాని ఆ రాత్రి వరకు లక్షల అభిమానులున్నవారికి తెల్లవారేసరికి ఒక్క ప్రేక్షకుడూ లేడు. వారిలో విద్య ఉన్నవారు మరొక చోట మళ్ళీ మొదలుపెట్టినారు. కేవలం పేరు మాత్రమే ఉన్నవారి సంగతి ఎవరూ విచారించలేదు.

అంగడి అద్దె చెల్లించడానికి కొందరు ఏమి అమ్మినారో 2025లో బయటపడినది. ఆ ఏడు మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసు ఠాణాలలో, జూదపు యాప్‌లకు ప్రచారం చేసినారన్న ఆరోపణపై పలువురు యూట్యూబ్ ప్రముఖులమీదా, సినీ తారలమీదా కేసులు నమోదయినవి. ఎవరు దోషులో తేల్చడం న్యాయస్థానాల పని. ఐతే అట్టి ప్రచారం ఏమిటో మనమందరమూ ఎరుగుదుము: అభిమానించిన పిల్లవానికే జూదం నేర్పి, వాని చేతిలోని ఫీజు డబ్బు లాగడం. అదే సంవత్సరం ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధించినది. చట్టం వచ్చినది, మంచిదే. కాని నమ్మినవానిని మోసగించరాదన్న నీతికి చట్టం వచ్చేవరకు ఆగవలెనా?

ప్రేక్షకులమైన మన సంగతి కూడా చెప్పుకోవాలి. కీర్తికి మనమే కదా ఇంధనం! 2024 డిసెంబరు 4 రాత్రి, ఈ పేటల నడుమనే ఉన్న సంధ్య సినిమాశాల వద్ద, 'పుష్ప-2' ప్రత్యేక ప్రదర్శన సందర్భంలో జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి మరణించినది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడినాడు. చిక్కడపల్లి ఠాణాలో కేసు నమోదయినది. అభిమానం హద్దు మీరితే దేహాలు నలుగుతవని ఆ రాత్రి చూసినాం. ఫోనులో జరిగే తొక్కిసలాట కంటికి కనబడదు. ఒక యువతి మాట నచ్చలేదని వేలాది మంది ఒక్కసారి దూషణకు దిగినప్పుడు, ఒక కుటుంబంలోని విడాకుల వార్తను వంద ఛానెళ్ళు వంద విధాలుగా నమిలినప్పుడు, అక్కడ కూడా ఎవరో కిందపడి ఉన్నారు. మన బొటనవేలు కూడా ఆ కాళ్ళలో ఒకటి.

ఐతే ఈ కొత్త వినోదాన్ని అంటరానిదిగా చూడడం మాకు సమ్మతం కాదు. ఒకప్పుడు ధ్వన్యనుకరణను కూడా ఇట్లే చూసినారు. ఎవరి గొంతునో అనుకరించడం కళ ఎట్లా అవుతుంది అన్నారు. వరంగల్లు ముద్దుబిడ్డ నేరెళ్ళ వేణుమాధవ్‌గారు జీవితమంతా దానికే ధారపోసి, నియమం కల్పించి, శిష్యులకు నేర్పి, దేశవిదేశాలలో ప్రదర్శించి, దానిని కళల పంక్తిలో కూర్చోబెట్టినారు. సాధనకు లొంగిన వినోదం కళ కాగలదని ఆయన జీవితం చెబుతున్నది. ఫోనులోని వినోదానికి కూడా ఆ అవకాశం ఉన్నది. అది ఏ సాధకుని కొరకు ఎదురుచూస్తున్నదో మనకు తెలియదు. ఆ సాధకుడు నేడు మన తరగతిలోనే వెనుక బల్లమీద కూర్చొని ఉండవచ్చు.

ప్రథమ్ సంస్థ వారి 2024 'అసర్' నివేదిక ప్రకారం, గ్రామీణ భారతంలో స్మార్ట్‌ఫోను వాడడం తెలిసిన 14 నుంచి 16 ఏళ్ళ వయసుగల పిల్లలలో, సర్వేకు ముందు వారంలో చదువు కొరకు ఫోను వాడినవారు 57 శాతం. సామాజిక మాధ్యమాల కొరకు వాడినవారు 76 శాతం. ఫోను పిల్లల చేతిలోనికి రావలెనా అన్న చర్చకు కాలం మించిపోయినది. వచ్చినదానితో ఏమి చేయించాలన్నదే ప్రశ్న.

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి మూడు మాటలు. మొదటిది: పిల్లలు మెచ్చే ఒక దృశ్యాన్ని తరగతిలోనే చూపి, ఇందులో విద్య ఏది, ఇందులో అమ్ముడుపోయినది ఏది అని వారిచేతనే వేరు చేయించండి. పద్యానికి ప్రతిపదార్థం చెప్పించిన ఓపికతోనే ఇదీ చేయించవచ్చు. రెండవది: ప్రతి విద్యార్థినీ తన ఇంటి పెద్దలలో ఒకరి మాటలను, వారి అనుమతితో, ఫోనులో నమోదు చేయమనండి, సామెతలు, పనిపాటలు, పొడుపు కథలు, ఊరి కథలు. వాటిని లోకంమీదికి వదలనక్కరలేదు. విని, రాసి, తరగతిలో చదివితే చాలు. గంగవ్వలు ప్రతి వీధిలోనూ ఉన్నారని, వారి విద్య గడచిపోకముందే అందుకోవాలని పిల్లలకు తెలుస్తుంది. మూడవది: అడగకుండా ఒకరి దుఃఖాన్నీ, ఒకరి ముఖాన్నీ బయట పెట్టరాదన్నది చేతిరాతవలె చిన్ననాడే అలవాటు కావాలి. తన బాల్యమంతా తల్లిదండ్రులే ప్రదర్శించిన పిల్లవాడు రేపు పెద్దవాడై అడిగితే, జవాబు చెప్పగలవారెవరు?

విద్యార్థులకు చెప్పవలసినది ఇంకా కొద్ది. ఈ మార్గాన పోదలచినవారు పోవచ్చు. చేతిలోని చదువును మాత్రం విడువవద్దు. మొదట ఏదో ఒక పనిలో దిట్టలు కండి. పిదప కెమెరా ముందు నిలవండి. ఇంటికి ఒక తలుపు ఉంచుకోండి. ఆ తలుపు లోపలిది ఎంత ధరకైనా అమ్మవద్దు. ఇక చాలు అనిపించిన రోజున లేచి రావడానికి వెనుక ఒక ఊరు, ఒక వృత్తి, నలుగురు మనుషులు మిగిలి ఉండేట్లు చూసుకోండి.

చిక్కడపల్లిలో గానసభ ఉన్నది, గ్రంథాలయం ఉన్నది, నారాయణగూడలో బడులున్నవి. ఇవి మూడూ కలిసి, ఏడాదికి ఒక్క దినమైనా, ఫోనులో పేరు తెచ్చుకొన్న కళాకారులనూ, వేదికమీద తల నెరసిన కళాకారులనూ, అశోక్‌నగర్ విద్యార్థులనూ ఒక్కచోట కూర్చోబెట్టలేవా? కొత్తవారికి సాధన అంటే ఏమిటో తెలుస్తుంది. పాతవారికి ప్రేక్షకులు ఎక్కడికి పోయినారో తెలుస్తుంది. విద్యార్థులకు రెండూ తెలుస్తవి. ఆ వేదికమీద మొదటి కుర్చీ లంబాడిపల్లి గంగవ్వకు వేయాలని మా సూచన. ఆమె వస్తే, ఆమె ఇంటి సంగతులు అడగవద్దు. మాట ఎట్లా నేర్చినదో అడగండి.